తట్టకుండా తీసిన తలుపు

తట్టి, కాసేపు ఆగి, చిన్నగా దగ్గి, అప్పుడుగానీ ఆమె తాళం తీయదు. లోపల ఎవరూ ఉండరని తెలుసు. ఎవరూ లేరు కాబట్టే ఆమెకు పని. ఒకరు ఖాళీ చేశాక ఇంకొకరు దిగేలోపు ఇల్లు కడిగి, తుడిచి, పాత వాసన పోగొట్టి ఇవ్వాలి. ఇళ్ళు కుదిర్చే బ్రోకరు ఆమెను పిన్నీ అంటాడు. పిన్ని మర్యాద చూసి దయ్యాలు కూడా మొహమాటపడి పక్కకు జరుగుతాయని వేళాకోళం ఆడతాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఎవరింట్లోకైనా చెప్పాపెట్టకుండా ఎలా పోతాం?

ఆ పొద్దుట వంటింటి గోడ జిడ్డు సోడా నీళ్ళతో నానబెట్టి బ్లేడుతో గీకింది. బీరువా ఉన్నచోట నేలమీద మిగిలిన తుప్పు మరకలు రుద్దింది. ఎడమ చెయ్యి లాగుతుంటే పనివల్లే అనుకుంది. మంచినీళ్ళు కూడా నిలబడే తాగింది.

కొడుకింట్లోనూ ఆమె అంతే. కోడలు మంచిది, పల్లెత్తు మాట అనదు. "ఇది మీ ఇల్లే అత్తయ్యా" అని ఆ పిల్ల అన్నప్పుడల్లా ఈమె కుర్చీ అంచుకు ఇంకాస్త జరుగుతుంది. సొంతింట్లో ఉన్నవాళ్ళకు ఆ మాట ఎవరూ చెప్పరు కదా. ఎవర్నీ అడగకుండా లోపలికి వెళ్ళి, ఒక్కసారి కాళ్ళు బారజాపుకుని కూర్చోవాలి. చచ్చేలోపు ఆమెకున్న కోరికల్లా అదే.

మధ్యాహ్నం బ్రోకరు ఇంకో తాళంచెవి చేతిలో పెట్టి, మెట్లకింది వాటా అనీ, సాయంత్రానికల్లా అయిపోవాలనీ చెప్పి వెళ్ళాడు. సందు మలుపు తిరగగానే ఆమె గుర్తుపట్టింది. పెళ్ళయిన కొత్తలో కాపురం పెట్టిన వాటా అది. ఒక పొద్దున "గడియ పెట్టకు, తొందరగా వచ్చేస్తా" అని పనికి వెళ్ళిన మొగుడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కడుతున్న మేడమీంచి పడ్డాడు. ఆసుపత్రికీ, అటునుంచి అటే కాటికీ తీసుకుపోయారు. చంటివాణ్ణి చంకనేసుకుని ఆమె ఖాళీ చేసింది. ఆ తర్వాత ఈ సందులో అడుగుపెట్టలేదు.

తట్టడం మరిచిపోయింది. చెయ్యి తనంతట తనే తాళం తీసింది, చీకట్లో తడుముకోకుండానే స్విచ్చి నొక్కింది. గది మధ్యకు వచ్చాకగానీ చేసిన తప్పు తెలిసిరాలేదు. బయటికి పోయి మళ్ళీ తట్టి రావాలని వెనక్కి తిరగబోతూ కిందికి చూసింది.

నేలమీద దుమ్ము లేదు. ఇప్పుడే ఎవరో ఊడ్చి తడిగుడ్డ పెట్టినట్టుంది. మూలల్లో సాలెగూడైనా లేదు. నెలల తరబడి మూసివున్న ఇల్లని బ్రోకరు చెప్పాడే! ఆమెకు భయం వేసింది. భయం వేసినా, ఎంతో హాయిగా కూడా అనిపించింది. బక్కెట పక్కన పెట్టి, గోడకు చేరగిలబడి, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

అప్పుడు తలుపు చప్పుడైంది. తట్టడం, కాసేపు ఆగడం, చిన్నగా ఒక దగ్గు. ఆ అలవాటు తను ఎవరి దగ్గర నేర్చుకుందో అప్పుడు గుర్తొచ్చింది. సొంతింటికి చుట్టంలా వస్తాడని ఆయన్ని ఎంత ఏడిపించేదో!

"మనింటికి మీరు తలుపు కొట్టడమేంటి? గడియ పెట్టలేదు, రండి" అంది.

పొద్దు వాలుతుండగా బ్రోకరు వచ్చాడు. పిన్నీ అని పిలిచాడు, పలకకపోతే లోపలికెళ్ళాడు. ఆమె అలాగే కూర్చుని ఉంది, మొహం గుమ్మంవైపు తిప్పి. చెయ్యి పట్టుకుని చూసి, కొడుక్కి ఫోను చేసి, బయట మెట్టుమీద కూలబడి ఏడ్చాడు.

కొడుకు వచ్చి తల్లిని తీసుకెళ్ళాడు. కోడలు ఏడుస్తూనే బక్కెటా, చీపుళ్ళూ, అత్తగారి చెప్పులూ ఏరి సంచిలో వేసుకుంది. ఆ చెప్పులకు ఆనించి విడిచిన మగవాళ్ళ చెప్పులు బ్రోకరువి అనుకుంది. కొడుకువి అనుకున్నాడు బ్రోకరు. అందరూ వెళ్ళిపోయాక ఆ జోడు, సున్నమూ సిమెంటూ అంటుకుని, ముందువైపు ఇంట్లోకి తిరిగి, గుమ్మం పక్కనే ఉంది.