మిద్దె మీది తొలి టమాటాలు

మొక్కకు దారంతో టమాటాలు కట్టడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. జూబ్లీహిల్స్‌లో, నేను నీళ్ళు పోసి పెంచిన మిద్దెతోటలో, నా కళ్ళముందే. తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

ఆ మిద్దె నటి గీతికమ్మది. మొక్కల పని నాది. రహమత్ నగర్‌లో నేనుండే కిరాయి గదికి ఎండ మొహమే తెలియదు. అందుకే ఆమె మిద్దె మీద ఓ మూల నాలుగు సంచుల్లో నా కోసం నాటు టమాటా పెట్టుకుంటానని అడిగాను. "పెట్టుకో కృపమ్మా, నాకేం పోయింది" అంది.

విత్తనం బాపట్ల నుంచి తెప్పించాను. నారు పోశాను, ఊతకర్రలు కట్టాను, వారం వారం వేపనూనె కొట్టాను. ఆకుల అడుగున తెల్లదోమ కనిపిస్తే తడిగుడ్డతో తుడిచాను, చంటిపిల్లకు ముక్కు తుడిచినట్టు. ఇన్ని పాట్లు ఎందుకంటే ఆ తొలి కాపు నేను తినడానికి కాదు. కోతల పండుగనాడు మా చర్చిలో ప్రథమ ఫలాలు దేవుడి బల్ల మీద పెడతాం. హైదరాబాదు వచ్చి పందొమ్మిదేళ్ళయింది. ప్రతి ఏడూ బజారులో కొన్న గుమ్మడికాయే పట్టుకెళ్ళాను, ప్రతి ఏడూ తలొంచుకునే పెట్టాను. ఈసారి మాత్రం నా చేత్తో పండించినవే పెట్టాలని పట్టుబట్టాను.

ఆదివారం పండుగ. శుక్రవారానికి తొమ్మిది కాయలు రంగు తిరిగాయి. శనివారం పొద్దున్నే కోద్దామని మిద్దె ఎక్కితే అప్పటికే షూటింగువాళ్ళు దిగి ఉన్నారు.

గీతికమ్మ తన తోట మీద వీడియో చేస్తుందట. ఏది వంగో ఏది బెండో తెలియని మనిషికి తోటేమిటో! ఆర్ట్ డిపార్టుమెంటు తిరుమలేశ్ రెండు ట్రేల టమాటాలు తెచ్చాడు. అన్నీ ఒకే సైజు, ఒకే ఎరుపు. నేను మెట్ల మీద ఆయాసం తీర్చుకునేలోపే అతను నా కాయలు తెంపి, ఇడ్లీ ప్లేట్లు పడేసిన చెత్తసంచిలో వేస్తున్నాడు.

"అయ్యో, అయ్యో! అవి నావండీ, కోయకండి!" అని అరిచాను.

"ఏంది అమ్మా గీ లొల్లి? పగుళ్ళు, మచ్చలు, తొడిమకాడ పచ్చగ. గిసొంటివి ఫ్రేమ్‌ల పెడితే మేడం ఊకుంటదా? జర పక్కకు జరుగుండ్రి."

కాయలతో ఆగలేదు. పసుపు పూలు కెమెరాకు అడ్డమట, గిల్లి పారేశాడు. ఆ పూవే రేపటి కాయ అని ఆ మనిషికి తెలియదు! తర్వాత సన్నని దారంతో బజారు టమాటాలు గుత్తులు గుత్తులుగా కట్టాడు. నాలుగు మొక్కలు చాల్లేదని పక్కనున్న వాటికీ కట్టాడు.

"బాబూ, అది వంగమొక్క" అన్నాను.

"కెమెరాకేం తెలుస్తదమ్మా? ఎర్రగుంటే చాలు."

మెరుపు కోసం వాటికి గ్లిజరిన్ కొట్టారు. గీతికమ్మ వచ్చి, ఒకటి తెంపి, కళ్ళు మూసుకుని కొరికి, "అబ్బ, ఎంత తియ్యగా ఉందో!" అంది. కట్ చెప్పగానే థూ అని బకెట్లో ఉమ్మింది. అలా ఆరుసార్లు కొరికింది, ఆరుసార్లూ ఉమ్మింది. ఆ బకెట్ నాది, మొక్కలకు నీళ్ళు పోసేది.

అయినా వాళ్ళను తిట్టి ఏం లాభం? అసలు అసహ్యమైన పని చేసింది నేనే. "కృపమ్మా, నువ్వూ ఒక్క మాట చెప్పు" అంది గీతికమ్మ. చెప్పాను. "ఇవన్నీ మా మేడమే పెంచారండీ. నేను ఊరికే చూస్తుంటాను." కాదంటే పని పోతుందని భయం. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్ళి ఎన్నిసార్లు నోరు పుక్కిలించినా ఆ మాట రుచి పోలేదు.

వాళ్ళు వెళ్ళాక చెత్తసంచిలో చెయ్యి పెట్టాను. చట్నీ, టీ, ఎంగిలి. ఐదు కాయలు చితికిపోయాయి, నాలుగు దొరికాయి. నాలుగైదు నీళ్ళలో కడిగి, చీరకొంగుతో తుడిచి దాచుకున్నాను.

ఆదివారం చర్చిలో బల్ల దగ్గర మా పాస్టరమ్మ కెజియాగారు ఎదురొచ్చారు. "వందనాలు కృపమ్మా! రాత్రి మీ మేడంగారి వీడియో చూశాం. ఆ ఎర్రటివి తెచ్చావా?" అని సంచిలోకి తొంగిచూశారు. ఆమె మొహం మాడింది. "ఇవేంటి, ఇలా పగిలిపోయాయి?" అంటూ వాటిని రెండు వేళ్ళతో తీసి గుమ్మడికాయల వెనక్కి నెట్టారు. "ఫొటో అయ్యాక ముందుకు పెడదాంలే."

ఇక్కడ కూడానా! నాకు ఒళ్ళు మండిపోయింది. గుమ్మడికాయల వెనక చెయ్యి పెట్టి నా నాలుగు టమాటాలు తీసి బల్ల మధ్యలో, అందరికీ కనబడేలా పెట్టాను.

"అమ్మగారూ, మీరు చూసినవి దారంతో కట్టినవి. మేడం పెంచారని నేను చెప్పింది అబద్ధం. నేను పెంచినవి ఇవి. చెత్తలోంచి ఏరుకొచ్చాను. ఇవి వెనక్కి పోవు."

పాటలు పాడే మనోజ ఫోనులో ఇదంతా తీస్తోంది. "ఆపు మనోజా, వాళ్ళ మేడంగారు చూస్తే కృపమ్మ పని పోతుంది" అన్నారు కెజియాగారు గాభరాగా. ఆ మాట నిజమే. సోమవారం ఆ మిద్దె మెట్లు నన్నిక ఎక్కనివ్వరు.

"ఆపకు తల్లీ" అన్నాను. ఆ ఫోను వైపు తిరిగి, నా పేరు చెప్పి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.