నీలి పెట్టిన మంచు

రాజనర్సు గీతలు లెక్కపెడుతున్నాడు. ఫోటోలు అచ్చు వేసే యంత్రంలోంచి వచ్చిన చిన్న కాగితం మీద సన్నని గీతలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఒక్క గీత తెగినా ఆ రంగు సిరా ఎక్కడో గడ్డకట్టినట్టే. ఒకప్పుడు ఆ కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక్క చూపుతో "పసుపు పట్టేసింది" అనేవాడు. ఇప్పుడు వేలిగోరు ఆనించి ఒక్కొక్క గీతనే లెక్కపెడతాడు. ఒక వరుస అయ్యాక ఇంకో వరుస. ఏ వరుస ఏ రంగో దాని స్థానాన్ని బట్టి తెలుసు. అన్నీ నిండుగా ఉన్నాయి. యంత్రానికి ఏమీ కాలేదు.

యంత్రానికే ఏదైనా అయి ఉంటే బాగుండును అనుకున్నాడు.

ఉదయం ఏడు దాటింది. బయట ఆగస్టు ఎండ అప్పుడే బుసైతీన్ సందులోకి దిగింది. ఈ వెనక గదిలో మాత్రం ఏసీ ఎప్పుడూ ఆగదు. వేడికి కాగితం ఒంపు తిరుగుతుంది, సిరా పాడవుతుంది. రాజనర్సుకు యాభై ఎనిమిదేళ్లు. బక్కపలచని మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా కొంచెం దిగి ఉంటుంది. బహ్రెయిన్‌కు వచ్చిన కొత్తలో అయిదేళ్లు టైల్స్ పెట్టెలు మోసిన గుర్తు అది. చేతివేళ్లు మాత్రం కూలివాడి వేళ్లలా ఉండవు. కాగితాన్ని అంచుల దగ్గర తప్ప ముట్టుకోని వేళ్లు, ఏ వస్తువునైనా అలాగే సుతారంగా పట్టుకుంటాయి, అన్నం ముద్దతో సహా.

కంప్యూటర్ తెర మీద ఆ బొమ్మ తెరిచాడు. జార్జియా దేశంలోని కొండలు. కొండ నిండా మంచు, కింద లోయలో ఒక రాతి గుడిసె, దాని చుట్టూ పొడవాటి నీడ. నూరా మేడం తీసిన ఫోటో. మనామాలో గురువారం ఆమె ఫోటోల ప్రదర్శన. ఆరడుగుల వెడల్పున్న ఈ బొమ్మ గుమ్మం ఎదురుగా ఉండాలి. ఇప్పటికి రెండుసార్లు అచ్చు వేశాడు. రెండుసార్లూ ఆమె తలూపింది. "నీలంగా ఉంది, రాజు భాయ్. నేను చూసిన మంచు ఇది కాదు."

ఆదివారం జాసిం వచ్చాడు. దుకాణం యజమాని, రాజనర్సు వీసాకు పూచీ ఉన్న కఫీల్. కేకలు వేసే మనిషి కాదు. వీసా కాగితాలు బల్ల మీద పెట్టి, వాటి మీద కలం పెట్టి చెప్పాడు. "మూడోసారీ పాడైతే ఖలాస్, ఇంటికే, రాజు. అది సరిగ్గా వచ్చాకే సంతకం." ఈరోజు మంగళవారం.

ఆ సంతకం పడితే ఇంకో రెండేళ్లు. ఈలోపు కూతురు మల్లిక నర్సింగు చదువు పూర్తవుతుంది. పడకపోతే సొంతూరు కోరుట్లలో తాను చేయగల పని ఏదో రాజనర్సుకు తెలియదు. రంగు చూడడం తప్ప ఇరవయ్యొక్క ఏళ్లుగా వేరే పని చేయలేదు. ఫోటోలు కడిగే మందుల డబ్బాలు మోయడానికి ఒక ఫోటో ల్యాబులో చేరి, చీకటి గదిలో నిలబడి చూసి చూసి నేర్చుకున్నాడు. పెళ్లికూతురి బుగ్గ మీద ఎరుపు పిసరంత ఎక్కువైనా పట్టేసేవాడు. వచ్చినవాళ్లు "ఆ కన్నున్నాయన ఉన్నాడా?" అని అడిగేవాళ్లు.

రెండేళ్ల నుంచి ఆయన కన్నుతో చేయడం లేదు. తెర మీద మౌస్ బాణాన్ని ఎక్కడ పెడితే అక్కడి రంగు మూడు అంకెలుగా మూలన కనబడుతుంది. మలయాళీ చర్మానికి ఇన్ని, ఫిలిప్పినో చర్మానికి ఇన్ని, పాస్‌పోర్టు ఫోటో వెనక తెలుపుకు ఇన్ని అని బట్టీ పట్టాడు. వయసు మీద పడింది, చూపు కొంచెం మసకబారింది, అంకెలుంటే చాలు అనుకున్నాడు. అంకెలు ఎవరికీ తెలియకుండా ఆయన్ను మోశాయి. మంచు దగ్గరికి వచ్చేసరికి దించేశాయి. మంచుకు అంకె లేదు. పొద్దుటి మంచు ఒకటి, మబ్బు కింద మంచు ఒకటి, నీడలో మంచు ఇంకొకటి. పైగా ఆయన ఎన్నడూ మంచు చూడలేదు.

తెర మీద మంచు టీ చల్లినట్టు పసుపుగా ఉంది. ఎన్నిసార్లు చూసినా అంతే. పసుపు తీయడానికి నీలం కలపాలి. ఇది ఆయన ల్యాబులో నేర్చుకున్నది కాదు. ఊళ్లో వాళ్లమ్మ అందరి బట్టలూ వాగుకు తీసుకుపోయి ఉతికేది. చివర బానలో నీలిమందు చిటికెడు వేసి పంచెలు ముంచి తీసేది. నీలి పడితేనే తెలుపు లేస్తుంది, లేకుంటే ఎంత బాదినా పాతబట్టే అనేది. రాజనర్సు కూడా చిటికెడు చిటికెడుగా నీలం పెంచుతూ, మంచు మంచులా తెల్లబడ్డాక ఒక చిన్న ముక్క అచ్చు వేశాడు. చేతిలోకి తీసుకుని చూసుకుంటే కడుపు చల్లబడింది. ఇస్త్రీ చేసిన పంచెలా ఉంది.

ముఖేష్ అప్పుడే వచ్చాడు. ముందు గదిలో ఫ్రేములు కోసి బిగించే ఆర్మూరు మనిషి, నలభై దాటినవాడు. చెవి మీద పెన్సిలు, మీసాల్లో రంపపు పొట్టు.

"ఏమన్నా, దిగిందా హిమాలయం?"

"హిమాలయం గాదు, జార్జియా. సూడు."

ముఖేష్ ముక్క అందుకున్నాడు. నవ్వబోయి ఆగాడు. మళ్లీ రాజనర్సు ముఖం చూశాడు.

"పరాచికమా అన్నా?"

"ఏమైంది?"

"గిది మంచా, నీలిమందు బానల వడ్డ బర్రెనా? మొన్నటిదానికన్న ఎక్కువున్నది నీలం."

"నీ కండ్లు దొబ్బినయా? తెల్లగ మెరుస్తుంటే!"

ముఖేష్ తిరిగి ఏమీ అనలేదు. మామూలుగా అయితే నాలుగు మాటలు అంటించేవాడు. ఆ ఊరుకోవడమే రాజనర్సును భయపెట్టింది. ముక్క లాక్కుని సందులోకి నడిచాడు. రంగు తేలనప్పుడు పగటి వెలుగులో చూడడం ఈ పనిలో ఆచారం. ఎదుటి ఇంటి గోడ మీద ఎండ పడుతోంది. ముక్కను గోడకు ఆనించి, ఎండ పొడకు ఎడమ కన్ను మూసుకున్నాడు. కుడి కంటికి గోడ పసుపు. ఆ కన్ను మూసి ఎడమది తెరిచాడు. గోడ తేలింది. పూర్తి తెలుపు కాదు గాని, కుడి కంటికి కనబడినంత పసుపు లేదు. ముక్క అంచున నీలం సన్నగా కనబడి మాయమైంది. మళ్లీ మార్చాడు. మళ్లీ మార్చాడు. ఒకే గోడ, రెండు గోడలు.

పోయిన నెల వీడియో కాల్‌లో భార్య ముత్తవ్వ ఇల్లంతా చూపించింది. కొత్తగా సున్నం వేయించారు. "పసుపు రంగెందుకు ఏసిన్రే?" అని అడిగాడు. తల్లీకూతుళ్లు పడీ పడీ నవ్వారు. "తెల్లసున్నమే నాయినా, ఫోను తుడుచుకో" అంది మల్లిక. నిజంగానే ఫోను తుడుచుకున్నాడు.

బొమ్మలో పసుపు లేదు. ఏ బొమ్మలోనూ లేదు.

ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. ముఖేష్ వచ్చి, అట్టముక్క ఒకటి ఆయన తల మీద నీడగా పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"కండ్లల్ల పొర వచ్చినట్టుంది రా. రెండిట్ల."

"మా చిన్నాయినకు వచ్చె. తీపిచ్చుకుండు. ఇప్పుడు సూదిల దారం ఎక్కిస్తడు."

"ఈడ గురువారానికే బొమ్మ గావాలె."

ముఖేష్ గడ్డం గోక్కున్నాడు. "ఒక పని చేద్దాం. నేను జూసి చెప్త, నువ్వు ఒత్తు. ఎవనికి ఎర్క?"

తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నారు. "నీలం తియ్యి... ఇంకింత... అగో, ఇప్పుడు ఎర్రగొట్టింది... ఆగాగు, ఎక్కువైంది." రాజనర్సు వేళ్లు చెప్పినట్టల్లా కదిలాయి. మధ్యాహ్నానికి అయిదు ముక్కలు అయ్యాయి. నీలం పోయింది. దానితోపాటు కొండ కూడా పోయింది.

"ఎట్లున్నది, నిజం చెప్పు."

"సిమెంటు పోసినట్టున్నదన్నా." ముఖేష్ గొంతు తగ్గింది. "నేనేడ జూసిన మంచు? ఫ్రిజ్జుల జూసిన."

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పారు గాని రాజనర్సు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. ఈ అయిదు ముక్కల్లో ఏదో ఒకటి ఆమె చేతిలో పెట్టి, తెర పాతబడిందనో, కాగితం మారిందనో చెప్పవచ్చు. ఇంతకుముందు రెండుసార్లు అదే చెప్పాడు.

నూరా మేడం మూడు గంటలకు వచ్చింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పితో పక్కకు ఒరుగుతూ నడుస్తుంది. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పిందట. పాత మనామా వాళ్లలాగే హిందీ బాగా మాట్లాడుతుంది. ముక్కలన్నీ వరుసగా చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ముప్పై ఏళ్లు పిల్లలకు మంచు గురించి పుస్తకంలో చూసి చెప్పాను, రాజు భాయ్. అరవై ఒకటో ఏట వెళ్లి చూశాను. నేను చెప్పిందంతా తప్పని తెలిసింది. అందుకే ఇంత సతాయిస్తున్నాను. ఆ పిల్లలు వస్తారు చూడడానికి. ఇప్పుడు వాళ్లూ పెద్దవాళ్లయ్యారు."

రాజనర్సు రెండు చేతులూ బల్ల అంచున ఆనించాడు. తెర గురించి చెప్పవలసిన అబద్ధం నాలుక మీదికి వచ్చింది.

"మేడం, తప్పు ఫోటోలో లేదు. యంత్రంలో లేదు. నా కంట్లో ఉంది. తెల్లనిది నాకు పసుపుగా కనబడుతోంది. పొద్దున్నే తెలిసింది."

ఆమె కోప్పడుతుందని ఎదురుచూశాడు. ఆమె కుర్చీ కోసం చుట్టూ చూసింది. గదిలో ఉన్నది ఒక్కటే, ఆయనది.

"నేను కూర్చోనా అందులో?"

కూర్చున్న రెండు నిమిషాలకే ఆమె భుజాలు ముడుచుకుంది. "జార్జియాలో కూడా ఇంత చలి లేదు!" రాజనర్సు ఒంటి మీది బూడిదరంగు స్వెటర్ విప్పి, దులిపి, మొహమాటంగా చాచాడు. ఆమె నవ్వుతూ అబాయా మీదే తొడుక్కుంది. చేతులు పొడవై వేళ్లు మునిగిపోతే, రెండు మడతలు పైకి మడిచింది.

"ఇప్పుడు చెప్తాను వినండి. ఎండ పడ్డ వైపు, ముత్యపు చిప్ప లోపలి భాగం చూశారు కదా, అలా ఉంది. పూర్తి తెలుపు కాదు. కొంచెం వెచ్చన."

"నీడలో?"

"నీడలో నీలం ఉంది. చాలా ఉంది. కాని అది మంచుది కాదు, ఆకాశానిది."

రాజనర్సు చేయి ఆగిపోయింది. తాను మొత్తం బానలో ముంచాడు. ఎండనూ నీడనూ ఒకే నీటిలో. ఎండను వేరు చేయాలి, నీడను వేరు చేయాలి. ఇది ఆయనకు తెలిసిన పని. దీనికి కన్ను అక్కరలేదు. కొండ శిఖరం అంచు వెంట గీత గీస్తూ వెలుగును ఒక పక్కకు విడదీశాడు. గుడిసె నీడను తాకకుండా వదిలేశాడు. ఆమె "కొంచెం," "చాలు," "వెనక్కి" అంటూ ఉంటే, ఆయన చేతులు వాటంతట అవే నడిచాయి. చాలా రోజులకు చేతులకు భయం లేదు.

ఆరడుగుల కాగితం మెల్లగా దిగింది. సగం దిగేసరికే ఆమె లేచి నిలబడింది. ముఖేష్ తలుపు సందులోంచి చూసి, "అమ్మో, చలి పెడ్తున్నదన్నా" అన్నాడు తెలుగులో. రాజనర్సుకు టీ రంగు కొండ కనబడింది.

"ఎలా ఉంది మేడం?"

ఆమె కాగితం మీదికి వంగి చూసింది. "ఆ రోజు పొద్దున లాగే" అంది.

ఆయన యంత్రం మూసి, సిరా మూతలు సర్దుతుండగా, వాళ్లిద్దరూ కాగితాన్ని ముందు గదిలోకి మోసుకుపోయారు. పోల్చి చూడడానికి మొన్న పాడైన అచ్చు పక్కనే బల్ల మీద పరిచారు. కాసేపటికి ఆమె వెనక గదికి వచ్చి స్వెటర్‌ను విప్పి కుర్చీ వీపుకు తగిలించి, డ్రైవరుతో మాట్లాడడానికి బయటికి వెళ్లింది. ముఖేష్ ఫ్రేము కర్రలు దించుకోవడానికి వ్యాను దగ్గరికి పోయాడు.

రాజనర్సు ముందు గదిలోకి వచ్చేసరికి జాసిం లోపలికి అడుగుపెట్టాడు. బయట మేడం చెప్పినట్టుంది, ముఖమంతా నవ్వు. "మాషాల్లా, రాజు!" వీసా కాగితాలు బల్ల మీద పరిచి కలం మూత తీశాడు. రెండు బొమ్మల వైపు గడ్డం ఎగరేశాడు.

"ముందు ఆ పాడు బొమ్మను కోసి పారెయ్. మళ్లీ పొరపాటున వ్యాను ఎక్కుతుంది. యల్లా, కానీ."

రాజనర్సు కత్తి తీసుకుని బల్ల దగ్గరికి నడిచాడు. ఒకే కొండ రెండుసార్లు పడుకుని ఉంది. ఏది ఎటు పెట్టారో ఆయన చూడలేదు. ఒక కన్ను మూశాడు. ఇంకొకటి మూశాడు. ముందు గదిలోని పసుపు దీపం వెలుగులో రెండు కొండలూ ఒకే రంగు. ఒకదాని అంచు తాకాడు. ఒకే కాగితం. సగానికి సగం అవకాశం.

"ముఖేష్ రానీ, అర్బాబ్."

"కొయ్యడానికి ముఖేష్ ఎందుకు?"

కత్తి మొన కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఎడమదో, కుడిదో. ముప్పై ఏళ్లు మంచు చూడకుండా మంచు పాఠం చెప్పినామె బయట నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతోంది. రాజనర్సు కత్తి మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఏది మంచిదో నాకు కనబడడం లేదు, అర్బాబ్. రెండేళ్ల నుంచి."

జాసిం ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత కలానికి మూత పెట్టాడు. గట్టిగా కాదు, నిద్రపోతున్న వాళ్లున్న ఇంట్లో పెట్టినట్టు. "ఇంటికెళ్లి ఆపరేషన్ చేయించుకో. తర్వాత చూద్దాం, ఇన్షాల్లా" అన్నాడు. యాభై ఎనిమిదేళ్ల వయసులో వెళ్లిపోయినవాడికి మళ్లీ కొత్త వీసా తీయరని ఇద్దరికీ తెలుసు.

గురువారం పొద్దున్నే విమానం. ముఖేష్ తోడు వెళ్లాడు. లోపలికి వెళ్లే ముందు రాజనర్సు, "నీడ నీలంగనే ఉండనియ్యుమని చెప్పు, కొత్తగా వచ్చేటోనికి" అన్నాడు. సాయంత్రం మనామాలో గుమ్మం ఎదురుగా ఆ కొండను తగిలించారు.

కొత్త మనిషి శనివారం వచ్చాడు. గది చల్లగా ఉంటుందని విని ఇంటి నుంచి తన కోటు తెచ్చుకున్నాడు. కుర్చీ వీపుకు వేలాడుతున్న బూడిదరంగు స్వెటర్‌ను తీసి తలుపు వెనక మేకుకు తగిలించాడు. దాని చేతులు, ఒక చిన్న మనిషి కోసం మడిచినట్టు, రెండు మడతలు పైకి మడిచే ఉన్నాయి.