మార్వాకు మొలిచిన రెక్కలు

సవానా ఊళ్ళో, మా వీధిలో అందరికీ తెలిసిన నియమం ఒకటుంది. బొమ్మల దుకాణం వెర్నెల్ బతికున్న పిల్లల్ని గీస్తే కాళ్ళకు బూట్లు వేస్తుంది. పోయిన పిల్లలైతే వీపుకు రెక్కలు వేస్తుంది. బూట్లున్న బొమ్మ ఇంటికి పోతుంది, రెక్కలున్నది ఆమె దుకాణం గోడ మీదే ఉండిపోతుంది. ఆదివారం చర్చి అయ్యాక తల్లులు వచ్చి, తమ బిడ్డకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. అందరూ నల్ల దేవదూతలే. మా పిల్లల ముక్కులే, మా పిల్లల జడలే.

అలాంటి గోడ మీద ఓ మార్చి నెలలో మార్వాకు రెక్కలు మొలిచాయి. మార్వాకు ఏడేళ్ళు. నిక్షేపంగా బతికుంది.

వాళ్ళ నాన్న రూఫస్ భార్య దవడ విరగ్గొట్టి జైలుకెళ్ళినవాడు. వెళ్తూ వెళ్తూ కోర్టులోనే, "పిల్ల నాది. నాకు దక్కకపోతే భూమ్మీద ఎవరికీ దక్కనివ్వను" అని అరిచాడు. వాడు విడుదలవుతున్నాడనగానే తల్లి డెలోరిస్ పిల్లను తీసుకుని ఊరు దాటింది. ఇక వాడు వెతకడం మానాలంటే పిల్ల లేదని నమ్మాలి. వెర్నెల్ గోడను మా వీధిలో కాదనేవాడు లేడు. అందుకని ఆమె రెక్కలు వేసింది. పక్క కొట్టువాణ్ణి గనక నాకొక్కడికే చెప్పింది. నేను చేపలు వేయించేవాణ్ణి, చెంపలు వాయించేవాణ్ణి కాను. ఈ తేడా తర్వాత నా పళ్ళకు తెలిసొచ్చింది.

ఓ గురువారం మధ్యాహ్నం రూఫస్ ఆమె దుకాణానికి వచ్చాడు. నేను నోటితో సుత్తి కొట్టే మనిషిని. వాడు దాన్ని చేత్తో పట్టుకొచ్చాడు. చప్పుడు విని నేను పరిగెత్తేసరికి బల్ల మీది బొమ్మల్ని బాదుతున్నాడు. అవి గోధుమరంగు గుడ్డ, దూది, ఊలు జడలతో చేసిన బొమ్మలు. దూది బొమ్మను సుత్తితో కొడితే ఏమవుతుంది? నొక్కుకుపోయి, మళ్ళీ ఉబ్బి, నవ్వుతూ చూస్తుంది. వాడికి పిచ్చెక్కింది. ఒక్కో బొమ్మ తల పీకి విసరడం మొదలుపెట్టాడు.

"నా కూతురేదే?"

"రూఫస్, కాస్త కూర్చో నాయనా..." అంది వెర్నెల్.

వెర్నెల్ ఎడమ చెయ్యి బల్ల మీద ఉంది. సుత్తి ఈసారి దాని మీద పడింది. ఆ చప్పుడు దూది చప్పుడు కాదు. జీవితమంతా బొమ్మలకు కుట్లు వేసిన చెయ్యి అది, ఆ తర్వాత దానికే కుట్లు పడ్డాయి. ఆమె రెండో చెయ్యెత్తి గోడ చూపించింది.

రూఫస్ చూశాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెక్కల వైపు పాక్కుంటూ వెళ్ళి, రంగు వేసిన ఆ చిన్న మొహానికి నుదురు ఆనించి ఏడ్చాడు. ఒక్క క్షణం వాడి మీద నాకే జాలేసింది. నా జాలికి ఆయుష్షు ఆ ఒక్క క్షణమే.

"గోరీ ఎక్కడ?" అన్నాడు తలెత్తి.

దాని గురించి వెర్నెల్ ఆలోచించలేదు. "శ్మశానంలో" అంది.

"శ్మశానంలో కాక సినిమా హాల్లో పెడతారా? ఏ వరసలో?"

వెర్నెల్ మళ్ళీ గోడ చూపించింది. వాడు ఆమె జుట్టు పట్టుకుని తల బల్లకేసి కొట్టాడు. నెత్తురు బొమ్మల గౌన్ల మీద పడింది.

"తమ్ముడూ, మనం మనుషులం, మాట్లాడుకుందాం..." అని నేను అడ్డం వెళ్ళాను. నా మాటలన్నిటికీ కలిపి ఒకే గుద్దు జవాబిచ్చాడు. ముందు పళ్ళు రెండు నాకంటే ముందు నేలకు చేరాయి.

సరిగ్గా అప్పుడు, గోడ సంగతి ఎక్కడో విని, వీధిలోంచే అరుచుకుంటూ లూరీన్ లోపలికొచ్చింది. తొమ్మిదేళ్ళ కొడుకు కర్టిస్‌ను నదికిచ్చుకున్న తల్లి. ప్రతి ఆదివారం మొదటి కుర్చీ ఆమెదే. కోపంతో ఆమె కళ్ళకు గోడ తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఏమే వెర్నెల్! బతికున్న పిల్లను తెచ్చి నా కర్టిస్ పక్కన నిలబెడతావా? మొన్న మేకన్ ఊళ్ళో వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో నా చేత్తో కేకు తినిపించానే దానికి! మేం ఏడ్చేది ఉత్తుత్తి ఏడుపనుకున్నావా?"

రూఫస్ మెల్లగా చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"థాంక్స్, సిస్టర్" అన్నాడు. "మేకన్ నాకు బాగా తెలుసు."

కారు తాళాలు తీసి గుమ్మం వైపు నడిచాడు. అప్పుడు చూసింది లూరీన్, వెర్నెల్ చెయ్యి, నా నోరు, వాడి సుత్తి. "దేవుడా, నేనేం చేశాను" అంది. బొమ్మల గౌన్ల కోసం వేడెక్కిన ఇస్త్రీ పెట్టె ఆ స్త్రీ చేతికొచ్చింది. తీగ గోడలోంచి ఊడింది. మెట్ల మీద వాణ్ణి అందుకుని మెడ వెనక అదిమింది. నా కొట్లో ఎన్ని చేపలు మాడినా అలాంటి వాసన రాలేదు.

వాడు కేకపెట్టి వెనక్కి తిరిగి సుత్తి విసిరాడు. దెబ్బకు ఆమె భుజం కీలు తప్పింది. ఆమె ఆగలేదు. రెండో చేత్తో పెట్టె తిప్పి మోకాలి మీద కొట్టింది. మోకాలు పక్కకు వంగింది. వాడు మెట్ల మీంచి దొర్లాడు, ఆమె వెంట దొర్లి వీపు మీద కూర్చుంది. లూరీన్ అంత తేలికైన మనిషి కాదు. ఎప్పుడూ మాటలకు అడ్డుపడే నేను మొదటిసారి కాళ్ళకు అడ్డంపడి, వాడి బూట్లు కౌగిలించుకున్నాను.

"అంబులెన్స్‌కు చెప్పనా?" అని గుమ్మంలోంచి వెర్నెల్ అడిగింది.

"ముందు మేకన్‌కు" అంది లూరీన్.

వెర్నెల్ ఒంటిచేత్తో నంబరు తిప్పి, ఫోను తీగ మెట్లదాకా లాగి ఇచ్చింది.

"డెలోరిస్, నేను లూరీన్‌ను. పిల్లను తీసుకుని ఇప్పుడే బయల్దేరు. బట్టలు తర్వాత... ఆ అరుపా? వాడే. నా కింద ఉన్నాడు. కాలు విరిగిందిలే. విరిగింది అతుక్కుంటుంది, అతుక్కున్నాక వాడు వస్తాడు. నేనే చెప్పానమ్మా ఊరి పేరు. నేనే."

అవతల డెలోరిస్ ఏదో చెప్పబోయింది.

"వద్దు! ఎక్కడికో చెప్పకు. నాకసలే చెప్పకు. నా నోటి సంగతి చూశావుగా."

కింద రూఫస్ కదిలాడు. మోచేత్తో వాడి మెడ మీద కాలిన చోటే నొక్కి, మళ్ళీ రిసీవర్ చెవికి పెట్టుకుంది.

"పిల్లనా? ఫోనిస్తావా?" లూరీన్ గొంతు తగ్గింది. "వద్దులే. టైమవుతుంది, బూట్లు తొడిగెయ్యి" అని ఫోను పెట్టేసింది.