ఐదో పెద్దమనిషి

చెల్లెలు కన్యక ఎమ్మిగనూరులో బట్టలారేసే తీగకు కరెంటు తగిలి చనిపోయిందని మార్కెట్ యార్డులో ఎవరో చెబితే, ఆదోని పత్తి వ్యాపారి సాయిరాం ‘ఏ చెల్లెలు?’ అన్నట్టు చూశాడు. మగ్గం నేసే ఈరేష్‌ను పెళ్ళాడిందని పదకొండేళ్ళుగా ఆమె పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. అయినా ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు.

ఆస్పత్రిలో శవాల గది ముందు హెడ్ కానిస్టేబుల్ లక్ష్మప్ప మనుషుల కోసం వెతుకుతున్నాడు. పంచనామాకు ఐదుగురు పెద్దమనుషులు కావాలి. నలుగురే దొరికారు. సాయిరాం తెల్లచొక్కా అతని కంట పడింది.

“ఓ శెట్టీ, సదువొస్తాదా?”

“వస్తాది.”

“సచ్చిపోయినామెకు సుట్టమా? పగోడివా?”

సాయిరాం బేరగాడు. క్షణంలో లెక్క కట్టాడు. కాదంటే లోపలికి పోవచ్చు. కడసారి ముఖం చూడొచ్చు. సంతకం పెట్టి పొద్దుగుంకేలోగా ఆదోని చేరొచ్చు. తాను వచ్చినట్టు బజారులో ఎవరికీ తెలియదు. ఏ వైపు చూసినా నష్టం లేని బేరం.

“ఏమీ కాను,” అన్నాడు.

“అట్లాంటోడే కావాల. సుట్టాలు దీనికి పనికి రారు. రాప్పా.”

లోపల శవం ముఖం మీద ఇంకా గుడ్డ తీయలేదు. గోడవారగా ఈరేష్ నిలబడి ఉన్నాడు. లక్ష్మప్ప అడిగి రాసుకుంటున్నాడు.

“పుట్టినింటోళ్ళు ఎవరు?”

ఈరేష్ ఒక్కసారి సాయిరాం వైపు చూసి తల దించుకున్నాడు. “ఎవరూ లేరు సార్.”

గుడ్డ తీయకముందే నలుగురూ సంతకాలు పెట్టేశారు. కాగితం సాయిరాం చేతికి వచ్చింది. ‘పుట్టింటివారు ఎవరూ లేరు.’ ఆమె తమకు ఎవరూ కాదని తాను ఇన్నేళ్ళూ నోటితో అన్న మాటే. దాని కింద సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు.

“ఇది తప్పు. నేనుండాను. అన్నను.”

“ఈ మాట బయటే సెప్పుంటే కాగితమన్నా మిగిలేది గదప్పా!” లక్ష్మప్ప దాన్ని చించేశాడు. “ఆమెతో ఆఖరున ఎప్పుడు మాట్లాడినావు?”

“పదకొండేళ్ళాయ.”

“అయితే సాక్షిగానూ పనికిరావు. బయటికి పో.”

కాసేపటికి ఈరేష్ బయటికి వచ్చి పక్కన నిలబడ్డాడు. “ముఖం సూసినావా బావా?”

“లేదప్పా. కన్యక నన్ను తిట్టేదా?”

“లేదు. నెలకోసారి నూలు కోసం ఆదోనికి వస్తాంటిమి. బస్సులో నీ అంగడి కనపడే పక్కనే కూసునేది.”

నెలకోసారి, పదకొండేళ్ళు. సాయిరాం లెక్క వేయడం మొదలుపెట్టి, సగంలో ఆపేశాడు.