కాపర్ బెల్ ఎడమ కాలు

మంచు ఇంకా విడలేదు. వెర్నా టాలివర్ గుర్రపుశాలలో మోకాళ్ల మీద కూర్చుని కాపర్ బెల్ ఎడమ ముందుకాలు తడిమింది. గిట్టకు జానెడు పైన, వెనక నరం పొడుగునా కాలుతోంది. కుడికాలు పట్టి చూసింది. చల్లగా ఉంది. మళ్లీ ఎడమకాలు పట్టుకుంది. ఇక అనుమానం లేదు.

ఆ మధ్యాహ్నమే మూడేళ్ల ఆడగుర్రాల పెద్ద పందెం. 1938 వసంతంలో లెక్సింగ్టన్ చుట్టుపక్కల ఏ నోట విన్నా కాపర్ బెల్ పేరే.

దానికి పరుగు నేర్పేవాడిగా లైసెన్సు ఉన్నది వెర్నా తండ్రి ఆమోస్‌కి. రెండేళ్లుగా ఆయనకు చూపు ఆనడం లేదు. ఆ సంగతి బయటికి పొక్కకుండా పనంతా వెర్నాయే నెట్టుకొస్తోంది. కాని పందెం నుంచి గుర్రాన్ని తప్పించడానికి ఆమె మాట చెల్లదు.

"నాన్నా, కాలు కాలిపోతోంది. పేరు కొట్టించెయ్."

ఆమోస్ వంగి తడిమి చూశాడు. "లిండెల్‌ని అడగాలి కదే," అన్నాడు.

గ్రాంట్ లిండెల్ గుర్రానికి యజమాని. వచ్చే శనివారం వెర్నాకు మొగుడు కాబోతున్నవాడు. చెడ్డవాడేం కాదు, కాదనే మాట వినడం అలవాటు లేనివాడు. న్యూయార్క్ చుట్టాలను వెంటేసుకుని వచ్చి, తన పశువైద్యుడికి కాలు చూపించాడు. వైద్యుడు కాలు కాసేపు, యజమాని ముఖం కాసేపు చూసి, పరుగెత్తొచ్చన్నాడు.

"పెళ్లి బెంగ నీకుంటే దాని కాలికి అంటగడుతున్నావు," అని నవ్వాడు లిండెల్. "ఇవాళ్టి కప్పు మన పెళ్లి విందు బల్ల మీద పెడదాం."

"కాలు విరిగితే?"

"విరగదు. నేను చెబుతున్నాగా."

ఇక మిగిలింది జాకీ కాస్ విక్‌హమ్. మూడేళ్ల కిందట కాలిఫోర్నియా వెళ్తూ వెర్నాను తనతో రమ్మన్నాడు. తండ్రిని వదిలి రాలేనంది వెర్నా. ఆ తర్వాత అటు నుంచి ఉత్తరం లేదు, ఇటు నుంచీ లేదు. ఈ వసంతంలో లిండెల్ పిలిపిస్తే వచ్చాడు. ఇద్దరూ గుర్రం గురించి తప్ప మరో మాట మాట్లాడుకోలేదు.

జాకీల గది వెనక మెట్ల మీద కూర్చుని అతను బూట్లు తుడుచుకుంటున్నాడు.

"ఎక్కనని చెప్పు," అంది వెర్నా.

ఎక్కడ వేడి, ఎంత మేర, నొక్కితే కాలు లాక్కుందా అని అన్నీ అడిగాడు కాస్. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"నేను కాదంటే పది నిమిషాల్లో ఇంకొకణ్ణి ఎక్కిస్తాడు. వాడికేం తెలుసు? చివరి మలుపులో కొరడా తీస్తాడు. నేనెక్కితే అది చెప్పేది వింటాను."

"మధ్యలో ఆపితే నిన్ను బతకనిస్తారా? అమ్ముడుపోయాడంటారు."

"నువ్వు అనవుగా," అన్నాడు, చేతిలో బూటు మీంచి చూపు తిప్పకుండానే.

తొమ్మిది గుర్రాలు ఒక్కసారిగా దూకాయి. వెర్నా కంచె పట్టుకుని నిలబడింది. అవతలి వైపు పరుగులో కాపర్ బెల్ మూడో స్థానంలో ఉంది. మలుపు దగ్గర ఎవరూ అదిలించకుండానే ముందుకొచ్చేసింది. జనమంతా లేచారు. వెర్నా మాత్రం దాని తలనే చూస్తోంది. కాలు నొప్పెడితే గుర్రం తలే ముందు చెబుతుంది.

తల రవ్వంత పైకి ఎగిరింది. రెండు అంగలు. మళ్లీ ఎగిరింది.

కాస్ రికాబుల మీద లేచి నిలబడ్డాడు. వెనక వచ్చే గుర్రాలకు అడ్డం రాకుండా బయటి అంచుకు తిప్పి, ఆగీ ఆగకముందే దూకి, గుర్రం భుజానికి తన భుజం ఆనించాడు. ప్రేక్షకుల మేడ మీంచి కేకలు, బూతులు. ఒక సీసా వచ్చి గడ్డిలో పడింది. వెర్నా కంచె కింద నుంచి దూరి పరుగెత్తింది.

విచారణ గదిలో ముగ్గురు అధికారులు. లిండెల్ ముఖం పాలిపోయి ఉంది. "ఎవడికి అమ్ముడుపోయావు?" అని కాస్‌ని నిలదీశాడు.

"కాలు బాగోలేదని నేనే చెప్పాను," అంది వెర్నా.

"మీరు చెప్పడమేమిటమ్మా? లైసెన్సు మీ నాన్నగారిది," అన్నాడు పెద్ద అధికారి.

వెర్నా వెనక కూర్చున్న తండ్రి వైపు చూసింది. నిజం చెబితే నలభై ఏళ్లుగా ఆయన సంపాదించుకున్న పేరు మట్టిలో కలుస్తుంది. ఈలోగా కుర్చీ కదిలిన చప్పుడైంది. ఆమోస్ గోడ పట్టుకుని లేచాడు.

"నాకు చూపు పోయి రెండేళ్లయింది. ఆ గుర్రాన్ని తయారు చేసింది నా కూతురు. పొద్దున్నే ఆపమంది. నేనే నోరు మూసుకున్నాను. తప్పు రాస్తే నా పేరున రాసుకోండి."

పందెం మైదానం పశువైద్యుడు వచ్చి, నరం సగం తెగిందన్నాడు. ఇంకో ఇరవై అంగలు వేసి ఉంటే ఎముకే పోయేదన్నాడు. కాస్ విక్‌హమ్ మీద తప్పు లేదని తేల్చారు. ఆమోస్ లైసెన్సు తీసేసుకున్నారు.

"వైద్యుణ్ణి అడిగాను కదా వెర్నా," అన్నాడు లిండెల్ నడవలో.

"నా మాటా వినాల్సింది." ఉంగరం తీసి అతని అరచేతిలో పెట్టింది.

"గుర్రాన్ని ఏం చెయ్యమంటావు?" అని అడిగాడు. ఆమెను అతను సలహా అడగడం అదే మొదలు.

"ఏడాది మేతకు వదలండి. మంచి పిల్లల్ని కంటుంది."

సరేనని తలూపి వెళ్లిపోయాడు.

శాలలో కాస్ గుర్రం కాలికి తడిగుడ్డ చుడుతున్నాడు. "సోమవారం కాలిఫోర్నియా రైలుంది," అన్నాడు. "ఈసారి నిన్ను రమ్మనను."

"రమ్మన్నా రాను. లైసెన్సు నా పేరున అడుగుతాను. ఇస్తే, ఎక్కడానికి మనిషి కావాలి."

"ఇవ్వకపోతే?"

"ఇచ్చేదాకా అడుగుతాను."

కాస్ గుడ్డ ముడి బిగించి, పక్కనున్న బకెట్ ఆమె వైపు జరిపాడు. సోమవారం రైలు అతను లేకుండానే వెళ్లింది.

లైసెన్సుకి రెండుసార్లు కాదన్నారు. మూడో వసంతంలో ఇచ్చారు. ఆ కాగితం మీద పేరు వెర్నా టాలివర్ అని కాదు, వెర్నా విక్‌హమ్ అని ఉంది.