తెల్లనూలు గాబు

హనుమకొండ సుబేదారిలోని ఆ ట్రస్టు దవాఖానలో, ఇప్పుడు, అంటే ఎనభై ఎనిమిదిలో, కిడ్నీ వార్డుకు ఐదు డయాలిసిస్ మిషన్లున్నాయి. నీళ్ళను శుద్ధి చేయడానికి గోడంత ఎత్తు ప్లాంటు ఉంది. ఆ ప్లాంటు పక్కనే ఎవరూ వాడని ఒక పెద్ద మట్టిగాబు కూడా ఉంది. కొత్తగా చేరిన డాక్టర్లు దాన్ని చూసి ముఖం చిట్లిస్తారు. తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి అయితే, ఇది ఇక్కడెందుకని నేరుగా అడిగేశాడు. ఆ వార్డు చూసే డాక్టర్ సరోజన ఆయన్ను కిందికీ మీదికీ చూసి, "ఈ వార్డుల నాకంటె అదే సీనియర్ సార్" అంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆమె మాట ఎప్పుడూ అంతే. వరంగల్ కొత్తవాడలో నూలుకు రంగులు వేసే పర్శరాములు ఇంట పుట్టిన పిల్ల మాట మెత్తగా ఎలా ఉంటుంది? ఆ వీధిలో మగ్గాల చప్పుడును మించి అరిస్తే తప్ప ఒకరి మాట ఒకరికి వినపడదు. పర్శరాములు చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. బిడ్డకు మెడికల్ కాలేజీలో సీటు వచ్చిన రోజున ఆ చేతులు కడుక్కునే ఓపిక కూడా లేక అలాగే వీధంతా చక్కెర పంచాడు. ఆ రోజు కొత్తవాడంతా నీలి చక్కెర తిన్నది, ఒక్కరూ కాదనలేదు.

డెబ్బై నాలుగులో, ఆమె హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, పక్కింటి బాలకిషన్‌కు కిడ్నీలు పనిచేయడం మానేశాయి. నేల మీద పరిచే జంఖానాలు నేసేవాడు, ముప్పై దాటని మనిషి. ఇక్కడ చేసేదేమీ లేదు, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. పొద్దున జీపులో పడుకోబెట్టి పంపిస్తే మధ్యాహ్నానికి అదే జీపు వెనక్కి వచ్చింది. జనగామ దాటలేదు, దారిలోనే ప్రాణం పోయింది. సరోజన ఆ జీపు పక్కనే నిలబడి కరువుదీరా ఏడ్చింది. ఏడుపు అయిపోయాక కోపం వచ్చింది. ఆ కోపమే ఆమెను మద్రాసు దాకా పంపి కిడ్నీల చదువు చదివించింది. అక్కడే ఉండిపొమ్మన్న ప్రొఫెసర్లకు దండం పెట్టించి, తిరిగి వరంగల్ రైలు ఎక్కించింది కూడా అదే.

వచ్చాక ఎవరూ పూలదండ వేయలేదు. గుండె డాక్టరంటే జనం లేచి నిలబడతారు. ఈమె మంచం మంచానికీ తిరిగి "ఎన్నిసార్లు ఒంటికి పోయినవ్?" అని అడుగుతుంది, మూత్రం సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తుంది. తోటి డాక్టర్లు ఆమెకు 'ఉచ్చల డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. సరోజన విననట్టు నటించేది. వినేది, మనసుకు గుచ్చుకునేది, ఇంటికి పోయి తల్లి లేని ఆ వంటింట్లో గిన్నెల మీద కసి తీర్చుకునేది.

మూడేళ్ళపాటు ఆమె రోగుల పొట్టలోకి మందునీళ్ళు ఎక్కించి, కొంతసేపు ఉంచి, ఒంట్లోని చెడుతో సహా దించే పద్ధతితోనే నెట్టుకొచ్చింది. మిషన్ కావాలని ట్రస్టుకు రాసిన ఉత్తరాలకు లెక్క లేదు. చివరికి ఎనభై ఒకటి ఆగస్టులో, మద్రాసులో ఒక దవాఖాన పక్కన పెట్టిన పాత మిషన్ రైల్లో దిగింది. దానికో పెద్ద తొట్టి. అందులో నూట ఇరవై లీటర్ల నీళ్ళు పోసి, లవణాలు కలపాలి. రోగి నెత్తురు పైపులోంచి వచ్చి, ఆ నీళ్ళలో మునిగిన పొర గుండా సాగి, శుభ్రపడి తిరిగి ఒంట్లోకి పోతుంది. సగంలో ఒకసారి నీళ్ళు మార్చాలి. నీళ్ళ ట్యాంకు చూసుకునే ఎల్లస్వామి ఆ మిషన్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

మొదటి రోగి కోసం వెతకాల్సిన పని లేకపోయింది. ములుగు అవతలి పల్లె నుంచి మొగిలి తన భార్య చిలుకమ్మను తెచ్చాడు. నాట్లు వేస్తుంటే రక్తపింజరి కరిచింది. విషానికి మందు ఇచ్చారు, ప్రాణం నిలిచింది గానీ కిడ్నీలు మూతబడ్డాయి. ఐదు రోజులుగా చుక్క మూత్రం లేదు. ముఖం ఉబ్బి కళ్ళు కనపడటం లేదు. పొట్ట పద్ధతి రెండు రోజులు చేసినా ఆ విషం ముందు చాలలేదు.

"మీ ఆమె కిడ్నీలు సావలే మొగిలీ, సోయి తప్పినయ్," అంది సరోజన. "అవి లేచేదాంక మిషన్ పనిచేస్తది. లేస్తయ్."

ఆ మాట నమ్మి మొగిలి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మిషన్ పెట్టిన గంటకు చిలుకమ్మ వాంతి చేసుకుంది. తల పగిలిపోతోందని అరిచింది. ఒళ్ళంతా మంటలన్నది. బీపీ చూస్తే చూస్తుండగానే పైకి పోతోంది. సరోజన పైపులు చూసింది, వేడి చూసింది, లవణాల కొలత రెండుసార్లు చూసింది. తప్పు ఎక్కడా దొరకలేదు. మిషన్ ఆపక తప్పలేదు.

సూపరింటెండెంటు గోపాల్ సారు గుమ్మంలోనే నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఇగ చాలమ్మా," అన్నాడు. "రేపు సాయంత్రం దాంక చూస్త. మళ్ళ గిట్లనే అయితే ఆమెను హైదరాబాద్ పంపుదాం, మిషన్‌ను వచ్చిన జాగకే వాపస్ చేద్దాం. దవాఖానకు చెడ్డపేరొస్తది."

"ఆమె జనగామ దాటదు సార్."

"ఈడ ఉంటె బతుకుతదా?"

ఏడేళ్ళ కిందటి జీపు మళ్ళీ సరోజన కళ్ళ ముందుకు వచ్చి ఆగింది. ఇంత చదివి, ఇంత దూరం తిరిగి, మళ్ళీ అదే రోడ్డుకు ఇంకో మనిషిని అప్పగించాలా అనుకుంది.

సరిగ్గా అప్పుడే పర్శరాములు టిఫిన్ గిన్నెతో వచ్చాడు. బిడ్డ పొద్దుటి నుంచి తినలేదని వార్డు నర్సు విజయలక్ష్మి కబురు పంపిందట. అన్నం కలిపి పెడదామని మిషన్ గదిలోని నల్లా తిప్పి, సబ్బు తీసుకుని ఎర్రరంగు చేతులు రుద్దుకోసాగాడు. రుద్దుతున్నాడు, రుద్దుతున్నాడు, నురగ రాదు. పెరుగు విరిగినట్టు తెల్లటి తునకలు చేతికి అంటుకుంటున్నాయి. ఆయన ఆగి, దోసిట్లో నీళ్ళు పట్టి, నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. రంగువేసేవాళ్ళ అలవాటది. నీళ్ళ సంగతి తేల్చుకోకుండా నూలు ముంచరు.

"బిడ్డా, గీ నీళ్ళు యాడియి?"

"నల్లా నీళ్ళే బాపు. జర నన్ను పరేషాన్ చెయ్యకు."

"నల్లా నీళ్ళు నాకు తెల్వయా? నలభై ఏండ్ల సంది నూలు జాడిస్తాన్న. ఇవి సున్నపు నీళ్ళు. గీట్ల ముంచితె రంగు మచ్చలు మచ్చలు పడ్తది. నూలే తట్టుకోదు, గా పిల్ల నెత్తురేం తట్టుకుంటది?"

సరోజన చేతిలోని బీపీ చార్టు కింద పడింది. వాంతులు, తలనొప్పి, ఒంట్లో మంట, ఎగిరే బీపీ. నీళ్ళలో సున్నం ఎక్కువైతే అది నేరుగా నెత్తురులోకి చేరి చేసే పని అచ్చంగా ఇదే. మద్రాసులో చదివింది, పరీక్షలో రాసింది కూడా. జనవరిలో గది సిద్ధం చేసినప్పుడు నీళ్ళు తనే పరీక్ష చేయించింది. అప్పుడు బాగున్నాయి. బాగున్న నీళ్ళు బాగానే ఉంటాయనుకుంది. తన తండ్రి మాత్రం ప్రతి పొద్దూ, ప్రతి గంగాళానికీ చూసుకుంటాడు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

ఎల్లస్వామిని పిలిచారు. అతను మెచ్చుకోలు కోసం వచ్చినట్టే వచ్చాడు. "ట్యాంకుల బోరు నీళ్ళు నింపిన డాక్టరమ్మా! వానకు నల్లాల బురదొస్తాంది. కొత్త మిషన్‌కు బురద పోస్తమా? నిన్ననే పైపు కలిపిన. అద్దమోలె ఉన్నయ్ జూడుండ్రి!"

"ఎవలను అడిగి కలిపినవ్?" సరోజన అరుపు వార్డు చివరిదాకా వినపడింది. ఎల్లస్వామి ముఖం మాడిపోయింది.

"గాయన్ను తిట్టకు బిడ్డా," అన్నాడు పర్శరాములు. "తెల్లగుంటె మంచియనుకున్నడు. అందరు గట్లనే అనుకుంటరు."

తిట్టి లాభం ఏముంది? నల్లాలో బురద, బోరులో సున్నం. రేపటికి రెండు వందల నలభై లీటర్ల మెత్తని నీళ్ళు కావాలి. మందుల షాపుల్లోని డిస్టిల్డ్ వాటర్ సీసాలన్నీ కొన్నా బకెట్టు నిండదు. సరోజన అదంతా పైకే అంటూ గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే పర్శరాములు అన్నం ముద్ద చేతికిచ్చి, "తెల్లనూలు గాబు ఉండంగ నీకేం ఫికర్?" అన్నాడు.

కొత్తవాడలో రంగులవాళ్ళ ప్రతి ఇంటికీ ఒక తెల్లనూలు గాబు ఉంటుంది. మొదటి రెండు వానలూ పెంకుల దుమ్ము కడిగేసి పోతాయి. మూడో వాన నుంచి చూరు కింద గాబు పెట్టి, పైన నాలుగు మడతల బట్ట కడతారు. ఆ వాననీళ్ళు తెల్లనూలు జాడించడానికి, లేత రంగులకు మాత్రమే. రంగు ముట్టిన చెయ్యి అందులో పడకూడదు. ఐదేళ్ళప్పుడు అందులో చెయ్యి పెట్టినందుకే సరోజన జీవితంలో మొదటి దెబ్బ తిన్నది.

ఆమె ఆ మధ్యాహ్నమే రిక్షా కట్టించుకుని పోయి ఇంటి గాబులోంచి సీసాడు నీళ్ళు తెచ్చింది. లాబ్‌లో చూస్తే సున్నం జాడ లేదు. అయినా ఊరుకోక ఇంకో సీసాలో సబ్బు ముక్క వేసి ఊపింది. మూత దాకా నురగ వచ్చింది. అప్పుడు నవ్వింది.

"రేపు పొద్దుగాలకు అన్ని గాబులల్ల నీళ్ళు రావాలె బాపు. రాగి, ఇత్తడి, సిల్వర్ అంటె గా అల్యూమినియం బిందెలు ముట్టొద్దు. గవి నీళ్ళల్ల దిగి నెత్తురును పాడు చేస్తయ్. ఉత్త స్టీలు, మట్టికుండలు."

మర్నాడు పొద్దున తొమ్మిదికి దవాఖాన ముందు ఎనిమిది ట్రాలీ రిక్షాలు ఆగాయి. రోజూ జంఖానాలు మోసే రిక్షాలు. ఆ రోజు వాటి నిండా స్టీలు బిందెలు, తళతళ మెరిసే పెళ్ళి బిందెలు. అటకల మీద దాచుకుని పండుగకు కూడా దించనివి. ఒక్కో దాని మీద చెక్కిన పేర్లు: సమ్మమ్మ, కట్టమ్మ, సుగుణ. ఒలికిపోకుండా పట్టుకుని ఆడవాళ్ళు కొత్తవాడ నుంచి హనుమకొండ చౌరస్తా మీదుగా నడిచే వచ్చారు. గోపాల్ సారు మెట్ల మీద నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

చివర్న వచ్చింది పోశవ్వ, బాలకిషన్ భార్య. ఆమె బిందె మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. దాన్ని సరోజన చేతిలో పెట్టి, "ఆయనకు అక్కరకు రాలె," అంది. "గీ పిల్లకన్న రానీ." ఆ బిందె నీళ్ళు సరోజన తనే తొట్టిలో వంచింది.

మిషన్ మొదలైంది. గంట గడిచింది, చిలుకమ్మ కళ్ళు మూసుకుని పడుకునే ఉంది. బీపీ కదలలేదు. రెండో గంటకు గోపాల్ సారు కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చున్నాడు. నీళ్ళు మార్చారు. నాలుగో గంటలో చిలుకమ్మ కళ్ళు తెరిచి, చుట్టూ ఉన్నవాళ్ళందరినీ విడిచి మొగిలి వైపు చూసి, "ఆకలైతాంది," అంది.

జబ్బు పడ్డాక ఆ మనిషి తనకు కావాలని అడిగిన మొదటి మాట అది. విజయలక్ష్మి సిస్టర్ చప్పట్లు కొట్టింది. ఎల్లస్వామి గుమ్మం బయట ఏడుస్తున్నాడు. గోపాల్ సారు లేచి, గొంతు సవరించుకుని, "మిషన్ యాడికీ పోదు" అన్నాడు, ఎవరో పంపిస్తామన్నట్టు.

ఆ వారమంతా వాన ఆగలేదు. రోజూ బిందెలు మోయడమెందుకని పర్శరాములు తన గాబునే ట్రాలీ మీద తెచ్చి దవాఖాన చూరు కింద పెట్టాడు. ఎల్లస్వామి దానికి కాపలా కూర్చున్నాడు, పిట్టను కూడా వాలనీయకుండా. సరోజన ప్రతిసారీ, ప్రతి బిందెకూ, సబ్బు ముక్కతో చూసుకున్నాకే నీళ్ళు తొట్టిలోకి పోనిచ్చింది. మిషన్ చిలుకమ్మను నిలబెడుతోంది, నిజమే. కానీ కిడ్నీలు ఇంకా లేవలేదు. మొగిలికి ఇచ్చిన మాట సరోజనను నిద్రపోనీయలేదు.

మిషన్ పెట్టిన పదకొండో రోజు మధ్యాహ్నం డాక్టర్లందరూ గోపాల్ సారు గదిలో మీటింగులో ఉన్నారు. వరండాలో ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. తలుపు తోసుకుని మొగిలి వచ్చాడు. రెండు చేతులతో ఒక సీసా ఎత్తి పట్టుకున్నాడు. అడుగున నాలుగు వేళ్ళ మందాన మూత్రం ఉంది.

"ఉచ్చల డాక్టరమ్మ ఏది?" అని అరిచాడు. "మా ఉచ్చల డాక్టరమ్మను పిలువుండ్రి! చిలుకమ్మ పోసింది!"

పాపం, అది ఎగతాళి అని అతనికి ఎవరు చెప్పారు? వార్డులో అందరూ అంటుంటే విని, కలెక్టరు లాంటి పెద్ద హోదా అనుకున్నాడు. ఆ పేరు పెట్టినవాళ్ళు తలలు దించుకుని కాగితాలు చూసుకుంటున్నారు. సరోజన లేచి నిలబడింది. "నేనే," అంది గట్టిగా, మగ్గాల మీది నుంచి పిలిచినంత గట్టిగా. ఆమె నవ్వుతోంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

సీసా తీసుకుని నేరుగా వార్డుకు పోయింది. గాబు దగ్గర పర్శరాములు బట్ట మడతలు మారుస్తున్నాడు. బిడ్డ సీసా చాపితే అందుకున్నాడు. జీవితమంతా రంగేసిన నూలు చిలపల కట్టలను ఎత్తి చూసినట్టే, దాన్ని వెలుతురుకు ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"లేత పసుపు," అన్నాడు. "ఒక్కతీరుగున్నది. యాడ మచ్చ లేదు బిడ్డా."