రేచీకటి పొట్టేలు

కాపరి యల్లమంద గొర్రెల మంద పొద్దుగూకే వేళకు మక్బూల్ ఇంట్లో దూరింది. ముందు నడిచే గంట పొట్టేలు, దాని వెనకాలే నలభై గొర్రెలు, వాకిట్లో ఆరేసిన మిరపకాయలు తొక్కుకుంటూ వంటింటి దాకా వెళ్లిపోయాయి.

గురజాల దగ్గర పల్లె అది. 1963 ఎండాకాలం. మక్బూల్ భార్య హజ్రా బీ చీపురు పట్టుకుని వచ్చేసరికి పొట్టేలు గోడకు మూతి ఆనించి నిలబడి ఉంది.

“ఏందయ్యా యల్లమందా! నీ పొట్టేలుకు మా ఇల్లే దొరికిందా?”

“నాకేం తెలుసక్కా! ఆరేళ్లుగా మందకి దారి చూపేది ఇదే. నాలుగు రోజుల్నుంచి మసక పడితే చెట్టుకీ గుంజకీ కొట్టుకుంటంది. పగలు బానే ఉంటది.”

హజ్రా బీ చీపురు దించింది. “మా అమ్మాయి సాబిరాకి చిన్నప్పుడు అచ్చం ఇట్టాగే. రేచీకటి ఇది.”

మర్నాడు యల్లమంద పొట్టేలును గురజాల పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లాడు. కాంపౌండర్ జీవరత్నం దాని కళ్లు చూసి, మేత ఏమిటని అడిగాడు.

“ఎండు చొప్ప. పచ్చిక మొహం చూసి మూణ్ణెల్లయింది.”

“మందులేమైనా వాడావా?”

“కడుపులో పురుగులకని సంతలో కొన్న నట్టల మందు పోశా. చాలదేమోనని పదిరోజులకి మళ్లీ పోశా.”

“ఎంత పోశావు?”

“చేతికొచ్చినంత.”

“ఇంకా?”

“ఒంటికి గోమార్లు పట్టి నెత్తురు పీలుస్తన్నయ్యని, ఇళ్లకి దోమల కోసం కొడతారే, ఆ డీడీటీ పొడి రుద్దా.”

“ఎన్నిసార్లు?”

యల్లమంద వేళ్లు మడిచాడు, విప్పాడు, చివరికి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

జీవరత్నం కోప్పడలేదు. “కంటికి కావాల్సిన ‘ఎ’ విటమిను పచ్చిమేతలో ఉంటది. గొర్రె దాన్ని కాలేయంలో దాచుకుని కరువులో వాడుకుంటది. మందులు ఎక్కువై కాలేయం దెబ్బతింటే ఆ దాచుకున్నది తరిగిపోద్ది. తప్పు మందుదా, కరువుదా అంటే నేను తేల్చి చెప్పలేను. రెండూ కలిసినయ్యనుకో.”

“పురుగు చావాలనే గదయ్యా పోసింది!”

“పురుగు చచ్చిందిలే.”

పొట్టేలుకూ చూలు గొర్రెలకూ అని చేపనూనె సీసా ఇచ్చి, మిగతావాటికి పచ్చాకు మేపమన్నాడు. ఆ ఎండల్లో పచ్చాకు ఎక్కడిది? దారి పొడుగునా అదే ఆలోచన.

“హజ్రక్క దొడ్లో అవిసె చెట్లున్నయ్ గదా,” అంది, ఇంటికొచ్చి సంగతి చెప్పగానే, అతని భార్య ఆదెమ్మ.

“నిన్న వాళ్ల మిరపకాయలు తొక్కించి ఇయ్యాల ఆకు అడగమంటావా?”

“నువ్వొద్దులే, నేనడుగుతా.”

ఆదెమ్మ అడిగితే హజ్రా బీ ఒక్క షరతు పెట్టింది. “మీ మంద పది రాత్రులు మా మిరపచేలో పడుకోవాల. ఎరువన్నా మిగలద్దా మాకు?”

రోజూ పొద్దున్నే అవిసె మండలు వచ్చేవి. యల్లమంద పొట్టేలుకు చేపనూనె పట్టిస్తే అది తుమ్మి సగం అతని చొక్కామీదే పోసేది. పన్నెండో రోజు సాయంత్రం, మసక చీకట్లో దారికి అడ్డంగా నులకమంచం వేసి చూశాడు. పొట్టేలు మంచం దగ్గరికొచ్చి ఆగి, పక్కనుంచి చుట్టు తిరిగి ముందుకెళ్లింది. యల్లమంద మంచంమీద కూలబడి పెద్దగా నవ్వాడు.

ఆ వారంలోనే చూలు గొర్రెలు ఈనిన రెండు పిల్లలు మాత్రం బతకలేదు. అవి గుడ్డిగానే పుట్టాయి, పాలు కుడవలేదు. చేను మూల తనే గుంట తీసి పూడ్చాడు.

మర్నాడు నట్టల మందు సీసా తీసుకుని జీవరత్నం దగ్గరికి వెళ్లాడు. “గొర్రెకెంతో, పిల్లకెంతో గీత గీసియ్యి. చూలు వాటికి పొయ్యొచ్చా లేదా, అదీ చెప్పు,” అన్నాడు. జీవరత్నం చిన్న గాజు గ్లాసు మీద ఆకురాయితో రెండు గీతలు గీసి, ఎప్పుడు పోయాలో, వేటికి పోయకూడదో చెప్పి పంపాడు.

ఇంటికి రాగానే ఆదెమ్మ ఆ గ్లాసు అందుకుని వెలుగులో పెట్టి చూసింది.

“ఇంకమీదట నేనే పోస్తా,” అంది. “నువ్వు గొర్రెను పట్టుకో, చాలు.”